ట్రాన్స్‌ఫర్ విద్యార్థికి మ్యాథ్స్ ప్లేస్‌మెంట్ టెస్ట్: వైజాగ్‌లో కూర్చుని ఎలా తయారవ్వాలి

మే నెల దాటిందంటే నాకు ఒకటే ప్రశ్న. "సార్, ఇక్కడ బీటెక్ రెండేళ్లు అయింది. అమెరికాలో ట్రాన్స్‌ఫర్ సీటొచ్చింది. ఇప్పుడు మ్యాథ్స్ ప్లేస్‌మెంట్ టెస్ట్ రాయమంటున్నారు. ఏం చదవాలి?" సీతమ్మధారలో ఇంటి దగ్గరే ట్యూషన్ చెప్పుకునే లెక్కల మాస్టారిని నేను. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి అంతా ఒకేచోట రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఈ టెస్టులో పాసూ ఫెయిలూ లేవు. మీరు ఏ కోర్సులో కూర్చోవాలో ఇది తేలుస్తుంది. ఇంజనీరింగ్‌కైనా కంప్యూటర్ సైన్స్‌కైనా అక్కడ మెట్లు ఇలా ఉంటాయి: కాలేజ్ ఆల్జీబ్రా, ప్రీక్యాలిక్యులస్, ఆ తర్వాత క్యాలిక్యులస్ 1, 2, 3. స్కోరు తగ్గి కాలేజ్ ఆల్జీబ్రాలో పడ్డారంటే క్యాలిక్యులస్ 1 చేరేసరికే రెండు సెమిస్టర్లు పోతాయి. ఆ ఫీజు డాలర్లలో కట్టాలి. టెన్షన్ పెట్టాలని చెప్పడం లేదు. రెండు మూడు వారాలు దీనికి కేటాయించడం ఎందుకు దండగ కాదో చెబుతున్నాను.

మనవాళ్లు దెబ్బతినేది కష్టమైన లెక్కల్లో కాదు. ఎం2లో (బీటెక్ రెండో మ్యాథ్స్ పేపరు) డబుల్ ఇంటిగ్రల్స్ గడగడా చేసిన కుర్రాడు ఒకడు ఈ టెస్టులో మొదటిసారి వందకు 58 తెచ్చుకుని నా దగ్గరికొచ్చాడు. వాడు పోగొట్టుకున్నవన్నీ భిన్నాలు, ఘాతాంకాలు, లాగరిథమ్స్. అన్నీ తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ ఫస్టియర్ దాకా చదివినవే, చదివి వదిలేసినవే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాస్‌పోర్ట్. అందులో ఉన్న పేరూ, యూనివర్సిటీ పోర్టల్లో ఉన్న పేరూ ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అనే గొడవ మనకు మామూలే. టెస్టుకు వారం ముందే సరిచేయించుకోండి.
- బీటెక్ మార్కుల మెమోలు, మ్యాథ్స్ పేపర్ల పూర్తి సిలబస్ కాపీలు, ఇంటర్ మ్యాథ్స్ సిలబస్.
- విండోస్ లేదా మ్యాక్ ల్యాప్‌టాప్, పనిచేసే వెబ్‌క్యామ్, మైకు.
- తొమ్మిది, పది తరగతుల లెక్కల పుస్తకాలు, ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్. ఇంట్లో లేకపోతే ఎదురింటి పిల్లల దగ్గర అడగండి, ఇస్తారు.
- ఓపెన్‌స్టాక్స్ ఉచితంగా ఇచ్చే కాలేజ్ ఆల్జీబ్రా పీడీఎఫ్. ఖాన్ అకాడమీ వీడియోలు కూడా ఉచితమే.
- తెల్ల కాగితాలు, పెన్నులు. సొంత కాలిక్యులేటర్ బీరువాలో పెట్టేయండి.

1. అసలు రాయాలో వద్దో ముందు అడగండి

ట్రాన్స్‌ఫర్ విద్యార్థికి ఉన్న మంచి అవకాశం ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. ఇక్కడ చదివిన మ్యాథ్స్‌కు అక్కడ క్రెడిట్ ఇస్తే ప్లేస్‌మెంట్ టెస్టే అక్కర్లేకపోవచ్చు. సాధారణంగా ఆ సబ్జెక్టులో సీ గ్రేడుకు తగ్గకుండా ఉండాలి.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, మన దగ్గర లిమిట్స్, డెరివేటివ్స్, మామూలు ఇంటిగ్రేషన్ ఇంటర్‌లోనే అయిపోతాయి. బీటెక్ ఎం1 అక్కడి నుంచే మొదలవుతుంది. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల్లో ఆర్23 (2023లో వచ్చిన సిలబస్) కింద చదివినవాళ్ల మెమోలో "లీనియర్ ఆల్జీబ్రా అండ్ క్యాలిక్యులస్" అని ఉంటుంది. అందులో మాట్రిక్స్‌లు, ఐగెన్ వేల్యూస్, మీన్ వేల్యూ థీరమ్స్, మల్టిపుల్ ఇంటిగ్రల్స్ కనిపిస్తాయి. అమెరికాలో సిలబస్ చూసేవాళ్లు క్యాలిక్యులస్ 1 పాఠాల కోసం వెతుకుతారు. అవి అందులో ఉండవు. ఇంటర్‌ను వాళ్లు హైస్కూల్ కింద లెక్కవేస్తారు కాబట్టి దానికి మామూలుగా క్రెడిట్ రాదు. ఫలితంగా పైమెట్టు ఎక్కినవాడికి కిందిమెట్టు లేదన్నట్టు అవుతుంది.

అందుకని మెమో ఒక్కటే పంపి ఊరుకోవద్దు. యూనిట్లవారీ సిలబస్, వాడిన పుస్తకాల పేర్లు, వారానికి ఎన్ని గంటల క్లాసో జతచేసి అడ్మిషన్స్ ఆఫీసుకు, మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌కు విడివిడిగా మెయిల్ పెట్టండి. ఇంటర్‌లో ఏ పాఠాలు అయ్యాయో ఒక పేరాలో రాయండి. ఆంధ్రా యూనివర్సిటీ అయినా, గీతం అయినా, అనుబంధ కాలేజీ అయినా సిలబస్ కాపీ మీద కాలేజీ స్టాంపు వేయించుకోండి.

హెచ్చరిక: ఆ జవాబు కోసం చేతులు కట్టుకుని కూర్చోవద్దు. క్రెడిట్ తేలడానికి వారాలు పట్టొచ్చు. ఈలోగా స్కోరు లేదని రిజిస్ట్రేషన్ ఆగిపోవచ్చు. అడగడం అడగండి, చదవడం చదవండి.

2. ఏ టెస్టో, ఎంత స్కోరు కావాలో తెలుసుకోండి

ఎక్కువ యూనివర్సిటీలు వాడేది అలెక్స్ పీపీఎల్ (ALEKS PPL) అనే ఆన్‌లైన్ ప్లేస్‌మెంట్ టెస్ట్. ఇందులో గరిష్ఠంగా 30 ప్రశ్నలు. మీరిచ్చే జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది. స్కోరు 0 నుంచి 100 దాకా. చాలావాటికి నాలుగు ఆప్షన్లు ఉండవు, జవాబు మీరే టైప్ చేయాలి. వెనక్కి వెళ్లి దిద్దుకోవడం కుదరదు. కాలిక్యులేటర్ అవసరమైన ప్రశ్నకు అదే తెరమీద కనిపిస్తుంది.

క్యాలిక్యులస్ 1 కోసం చాలా చోట్ల 75, 80 ప్రాంతంలో అడుగుతారు. మీ యూనివర్సిటీ మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్ పేజీలో అసలు అంకె చూసి గోడమీద రాసిపెట్టుకోండి. స్నేహితుడి యూనివర్సిటీ అంకె మీకు పనికిరాదు.

కొన్ని చోట్ల కాలేజ్ బోర్డ్ వాళ్ల అక్యుప్లేసర్ ఉంటుంది. అది మల్టిపుల్ ఛాయిస్, ఒక్కో విభాగానికి 200 నుంచి 300 మధ్య స్కోరు, టైమ్ పరిమితి లేదు. సొంత పేపరు పెట్టే యూనివర్సిటీలూ ఉన్నాయి. ఏదైనా సిలబస్ దాదాపు ఒకటే, కింద చెప్పేది అన్నిటికీ సరిపోతుంది. గమనించండి, అలెక్స్‌లో క్యాలిక్యులస్ ప్రశ్నలు అసలు లేవు. డిఫరెన్షియేషన్ ఫార్ములాలు బట్టీపట్టడం మానేయండి.

3. పుస్తకం తెరవకుండా ఈ పన్నెండూ చేయండి

అరగంట పెట్టుకోండి. కాలిక్యులేటర్ వద్దు, ఫోన్ పక్కగదిలో ఉండాలి. ప్రతిదీ కాగితం మీద పూర్తి స్టెప్పులతో చేయండి.

1) 5/6 − 3/8 + 1/4 ఎంత?
2) బ్రాకెట్ లేని −3² ఎంత? బ్రాకెట్‌తో (−3)² ఎంత?
3) జగదాంబ జంక్షన్లో చొక్కా 20 శాతం తగ్గింపు పోగా 1,200 రూపాయలకు వచ్చింది. అసలు ధర?
4) (2ఎక్స్ − 3) మాడ్యులస్ 7 కంటే తక్కువ. ఎక్స్ ఏ అంతరంలో ఉంటుంది?
5) −4ఎక్స్ + 1 ≥ 13 సాధించండి.
6) (2, −1), (6, 7) బిందువుల గుండా పోయే సరళరేఖ సమీకరణం? దానికి లంబంగా ఉండే రేఖ వాలు?
7) 1/ఎక్స్, 1/(ఎక్స్ + 2) కలిపి ఒకే భిన్నంగా రాయండి.
8) (ఎక్స్ + 6) వర్గమూలం ఎక్స్‌కి సమానం. ఎక్స్ ఎంత?
9) 27 కి ఘాతం −2/3. విలువ?
10) లాగ్ ఆధారం 2. లాగ్ ఎక్స్ + లాగ్ (ఎక్స్ − 2) = 3. ఎక్స్ ఎంత?
11) సైన్ తీటా 3/5, తీటా రెండో పాదంలో ఉంది. టాన్ తీటా?
12) లవంలో (5 − ఎక్స్) వర్గమూలం, హారంలో ఎక్స్ − 2 ఉన్న ప్రమేయం డొమైన్?

జవాబులు: 1) 17/24. 2) −9, 9. 3) 1,500. 4) −2కీ 5కీ మధ్య. 5) ఎక్స్ ≤ −3. 6) వై = 2ఎక్స్ − 5, లంబరేఖ వాలు −1/2. 7) లవం 2ఎక్స్ + 2, హారం ఎక్స్(ఎక్స్ + 2). 8) 3 మాత్రమే. 9) 1/9. 10) 4 మాత్రమే. 11) −3/4. 12) 5, అంతకంటే తక్కువ సంఖ్యలన్నీ, ఒక్క 2 తప్ప.

పది గానీ అంతకు మించి గానీ సరిగ్గా వస్తే వారం, పదిరోజుల సాధన చాలు. ఏడు నుంచి తొమ్మిదైతే మూడు వారాలు. అంతకంటే తక్కువైతే నెల తీసుకోండి, సిగ్గుపడొద్దు. ఇది నా అనుభవంతో వేసిన లెక్క, ఎవరి అధికారిక కొలతా కాదు.

మొత్తం ఎన్ని అన్నదానికంటే ఏవి తప్పాయన్నది ముఖ్యం. మూడోదానికి 1,440 రాశారా? తగ్గింపు శాతాన్ని అమ్మిన ధర మీద వేశారన్నమాట. ఐదోదాంట్లో గుర్తు తిప్పడం మరిచారా? ఎనిమిది, పది ప్రశ్నల్లో −2 కూడా రాశారా? అంటే సాధించాక వెనక్కి వేసి చూసే అలవాటు పోయింది. నా దగ్గరికొచ్చే పిల్లల్లో సగానికి పైగా పోగొట్టేది ఈ −2 దగ్గరే.

4. చదివే వరస

రోజుకు రెండు గంటలు. ఉదయం అయితే మేలు. ఇంట్లో కుదరకపోతే ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీ ఉంది.

మొదట భిన్నాలు, శాతాలు, ఘాతాంకాలు. "ఇవా సార్!" అని నవ్వుతారు. నవ్వండి గానీ చేయండి. ఆ వెంటనే సమీకరణాలు, అసమీకరణాలు, కారణాంకాలు. "ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్" నిద్రలో అడిగినా చెబుతారు, కానీ 6ఎక్స్² − ఎక్స్ − 12 ఇస్తే పెన్ను ఆగిపోతుంది. అది (2ఎక్స్ − 3)(3ఎక్స్ + 4). ఇలాంటివి రోజుకు పదేసి చేయండి.

తర్వాత ఎక్కువ రోజులు ఇవ్వాల్సింది మూడింటికి: హారంలో ఎక్స్ ఉన్న భిన్నాలు, వర్గమూలాలు, ప్రమేయాలు. ప్రమేయాల్లో గ్రాఫులు గీయండి. మనం గ్రాఫు గీయడం పదో తరగతితోనే మానేశాం. వై = ఎక్స్² గ్రాఫు తెలిస్తే (ఎక్స్ − 3)² + 1 గ్రాఫు మూడు గళ్లు కుడికీ ఒక గడి పైకీ జరుగుతుందని చూడగానే తెలియాలి. ఎడమకా కుడికా అనే అనుమానం వస్తే ఎక్స్ = 3 వేసి చూడండి.

చివరి వారం లాగరిథమ్స్, త్రికోణమితి. త్రికోణమితిలో ఇంటర్ స్థాయి ట్రాన్స్‌ఫర్మేషన్స్ అక్కర్లేదు. యూనిట్ సర్కిల్, నాలుగు పాదాల్లో గుర్తులు, డిగ్రీల నుంచి రేడియన్లకు మార్చడం, లంబకోణ త్రిభుజం లెక్కలు, సులువైన ఐడెంటిటీలు, సమీకరణాలు చాలు. జ్యామితిలో వైశాల్యాలు, ఘనపరిమాణాలు ఒక సాయంత్రం చూసుకోండి.

5. రాత మార్చుకోండి

లెక్క వచ్చినా జవాబు తప్పయ్యేది ఇక్కడే.

లాగ్ అని ఊరికే రాస్తే మన క్యాలిక్యులస్ క్లాసులో ఆధారం "ఈ" (ఇంగ్లీషు అక్షరం e) అనే సంఖ్య. అక్కడ ఆధారం 10. ఆధారం e అయితే ఎల్ఎన్ అని రాస్తారు. సరళరేఖకు మనం వై = ఎంఎక్స్ + సీ అంటాం, వాళ్లు సీ బదులు బీ రాస్తారు. మన ట్రపీజియం వాళ్లకు ట్రపిజాయిడ్. కొలతలు అడుగులు, అంగుళాలు, మైళ్లలో రావచ్చు. 12 అంగుళాలు ఒక అడుగు, 3 అడుగులు ఒక గజం, 5,280 అడుగులు ఒక మైలు.

ఎంసెట్ కోచింగ్ నేర్పిన అలవాటు ఒకటి మానుకోవాలి. ఆప్షన్లు వెనక్కి వేసి సరిపోయింది పట్టుకోవడం ఇక్కడ కుదరదు, ఎందుకంటే ఆప్షన్లే లేవు. పైగా జవాబును ఏ రూపంలో అడిగితే ఆ రూపంలోనే ఇవ్వాలి. సూక్ష్మీకరించమంటే 6/8 తప్పు, 3/4 ఒప్పు. భిన్నం అడిగితే దశాంశం వేయకూడదు.

టెస్టుకు ముందు తెరమీది బటన్లతో భిన్నం, ఘాతం, వర్గమూలం టైప్ చేసే చిన్న శిక్షణ చూపిస్తారు. దాన్ని దాటేయొద్దు. ఘాతం టైప్ చేశాక కర్సర్ కిందికి దించకుండానే మిగతాదీ కొట్టేస్తే అంతా ఘాతంలోకి వెళ్లి కూర్చుంటుంది.

6. గది, ల్యాప్‌టాప్, కరెంటు

చాలా యూనివర్సిటీలు కెమెరా నిఘాలోనే రాయిస్తాయి. లాక్‌డౌన్ బ్రౌజర్ (టెస్టు తప్ప ఇంకేదీ తెరవనివ్వని ప్రోగ్రామ్) డౌన్‌లోడ్ చేయమంటే రెండు రోజుల ముందే చేసి తెరిచి చూడండి. రెస్పాండస్ లాక్‌డౌన్ బ్రౌజర్ లినక్స్ మీద నడవదు. ఉబుంటు వాడే కంప్యూటర్ సైన్స్ పిల్లలు ఆ రోజు వేరే ల్యాప్‌టాప్ వెతుక్కోవాలి.

గదిలో మీరొక్కరే ఉండాలి. అమ్మ కాఫీ పట్టుకొని తలుపు తీసినా కెమెరా రికార్డు చేస్తుంది. ఇంట్లో అందరికీ ముందే చెప్పండి, తలుపు మీద కాగితం అంటించండి. వినాయక చవితి పందిళ్లు వేసే రోజుల్లో మైకు మోత తప్పదు, తేదీ చూసుకోండి. రాత్రి పది తర్వాత గానీ, తెల్లవారుజామున గానీ పెట్టుకుంటే వీధిలో గొడవా, నెట్టు మీద రద్దీ రెండూ తగ్గుతాయి.

జనవరి అడ్మిషన్ వాళ్లకు ఇంకో మాట. మీరు రాసేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య. అది మన తీరానికి తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. గడువు చివరి రోజు దాకా ఆగకండి. ల్యాప్‌టాప్ నిండా ఛార్జింగ్ ఉండాలి, రౌటర్ ఇన్వర్టర్ మీద ఉండాలి, ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉండాలి. హాట్‌స్పాట్ వాడాల్సివస్తే ఫోన్ కెమెరాకు కనపడకూడదు కాబట్టి ముందే పక్కగదిలో పెట్టి సిగ్నల్ చూసుకోండి.

గడువు సమయం అక్కడిది. వేసవిలో న్యూయార్క్ కంటే మనం తొమ్మిదిన్నర గంటలు ముందుంటాం. అక్కడ రాత్రి 11:59 అంటే మనకు మర్నాడు ఉదయం 9:29. చలికాలంలో తేడా పదిన్నర గంటలు. కాలిఫోర్నియా అయితే ఇంకో మూడు గంటలు కలుపుకోండి.

7. మొదటి ప్రయత్నం మీ సొంతంగా రాయండి

అలెక్స్‌ను చాలా చోట్ల ఒకటికంటే ఎక్కువసార్లు రాయనిస్తారు. ఐదు ప్రయత్నాలు ఇచ్చే యూనివర్సిటీలూ ఉన్నాయి. ఒక్కోసారి మొదటిది కెమెరా లేకుండానే ఉంటుంది. అక్కడే పిల్లలు పాడవుతారు. పక్కన గూగుల్ తెరుస్తారు, లేదా బావను కూర్చోబెట్టుకుంటారు. మొదటి టెస్టు అయ్యాక మీకు రాని అంశాలన్నీ పేర్చి ఒక ప్రాక్టీసు మాడ్యూల్ వస్తుంది. మీ జవాబులు మీవి కాకపోతే ఆ మాడ్యూల్ కూడా మీది కాదు. మీకు రానివి వచ్చినట్టే లెక్కవేసి దాచేస్తుంది.

"డబ్బులిస్తే రాసిపెడతాం" అనేవాళ్ల జోలికి అసలే పోవద్దు. పట్టుబడితే యూనివర్సిటీలో క్రమశిక్షణ కేసు. పట్టుబడకపోతే రాని పునాది మీద క్యాలిక్యులస్ క్లాసు. రెండోది ఇంకా నరకం.

రాసేటప్పుడు: ప్రతి ప్రశ్నకూ కాగితం వాడండి. తొందరపడొద్దు, చాలా చోట్ల మూడు గంటల దాకా ఇస్తారు. అసలేమీ తెలియని ప్రశ్న వస్తే "ఐ డోంట్ నో" బటన్ ఉంటుంది, నొక్కండి. కానీ కొంచెం తెలిసినదాన్ని బద్ధకించి అలా వదిలేయకండి. తెలియదన్నదాన్ని ఆ ప్రోగ్రామ్ నిజంగానే నమ్ముతుంది, దానిపైన ఉన్న అంశాలు కూడా మీకు రావని అంచనా వేస్తుంది.

8. స్కోరు చూసి ఏం చేయాలి

మొత్తం అంకె చూసి సంబరపడడమో ఏడవడమో చేయకుండా అంశాలవారీ ముక్కలుగా కోసిన గుండ్రటి చిత్రం (పై చార్ట్) చూడండి. ఏ ముక్క ఖాళీగా ఉందో అదే ఈ వారం పని. మాడ్యూల్‌లో ఇన్ని గంటలు చేస్తేనే మళ్లీ రాయనిస్తామని చాలా యూనివర్సిటీలు షరతు పెడతాయి. రెండు ప్రయత్నాల మధ్య కనీసం 48 గంటలు ఆగమనడం కూడా మామూలే. ఆ గంటలు పూర్తయ్యేలా ఊరికే తెర తెరిచి ఉంచొద్దు, స్కోరులో ఏ మార్పూ రాదు.

మీకు కావలసింది 76 అనుకోండి, వచ్చింది 70. లాగరిథమ్స్, త్రికోణమితి మీద పది రోజులు కూర్చుంటే చాలాసార్లు సరిపోతుంది. వచ్చింది 45 అయితే త్రికోణమితి జోలికి పోకండి. సమీకరణాలు, భిన్నాల దగ్గరికి వెనక్కి వెళ్లండి. కిందివి నిండితేనే పైవి ప్రశ్నలుగా వస్తాయి.

మళ్లీ రాసే ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. పై పన్నెండు ప్రశ్నల్లో అంకెలు మార్చి మీరే కొత్తవి రాసుకుని, ఇరవై ఐదు నిమిషాల్లో పదకొండు సరిచేయగలగాలి. అప్పటిదాకా ప్రయత్నం ఖర్చు పెట్టొద్దు.

కావలసిన స్కోరు వచ్చాక స్క్రీన్‌షాట్ తీసి తేదీతో దాచండి. రెండు మూడు రోజుల తర్వాత యూనివర్సిటీ పోర్టల్లో అది ఎక్కిందో లేదో చూడండి. ఎక్కకపోతే అడ్వైజర్‌కు ఆ స్క్రీన్‌షాట్ జతచేసి మీ స్టూడెంట్ ఐడీతో మెయిల్ పెట్టండి. ఆ తర్వాతే క్యాలిక్యులస్ 1 సెక్షన్ రిజిస్ట్రేషన్ తెరుచుకుంటుంది. ఉదయం సెక్షన్లు ముందుగా నిండిపోతాయి కాబట్టి ఆ రోజు కాస్త మేలుకుని ఉండండి.